డిష్ బిగించబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. హైదరాబాదులో మీ మేడ మీద డీడీ ఫ్రీ డిష్ (దూరదర్శన్ వాళ్ల ఉచిత టీవీ) నువ్వే బిగిస్తానన్నావట, మీ అమ్మ చెప్పింది. డ్రిల్లు పట్టుకునే ముందు ఇది చదువు.

నీకు కావాల్సిన ఉపగ్రహం జీశాట్-15. భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటుంది. మీ ఊరి నుంచి దిక్కు ఉత్తరం నుంచి తూర్పు మీదుగా 138 డిగ్రీలు, ఎత్తు నేల మట్టం నుంచి పైకి 63 డిగ్రీలు. అంటే దాదాపు ఆగ్నేయం, వాస్తువాళ్ల వంటింటి మూల. దిక్సూచిని ఇనప పోల్ దగ్గర పెట్టకు, ముల్లు అబద్ధం చెబుతుంది.

చెట్టో, పక్కింటి ట్యాంకో అడ్డొస్తుందని అనుమానమా? మార్చి 12, అక్టోబరు 1కి అటూఇటూగా ఉదయం 11 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా ఆ ఉపగ్రహం వెనక్కి వస్తాడు. అప్పుడు నీడ పడని చోటే డిష్ పెట్టు. ఆ రోజుల్లో కాసేపు బొమ్మ పోవడం మామూలే, డిష్ జోలికి వెళ్లకు.

పోల్ నిటారుగా ఉందో లేదో తూకం గుండుతో రెండు వైపులా చూడు. అది ఒరిగితే స్కేలు మీది అంకెలన్నీ తప్పే. ఇంత ఎత్తున్న ఉపగ్రహానికి దిక్కులో రెండు డిగ్రీలు తప్పినా ఆకాశంలో ఒక డిగ్రీ కూడా తప్పదు. ఎత్తులో తప్పింది మాత్రం పూర్తిగా తప్పినట్టే. అందుకే ఓపికంతా ఎత్తు నట్టు దగ్గర పెట్టు. నీది ఆఫ్‌సెట్ డిష్ కదా, అంటే సిగ్నల్‌ను నేరుగా కాక ఏటవాలుగా అందుకునేది, ముఖం ఉపగ్రహం కంటే దాదాపు 25 డిగ్రీలు కిందికి చూస్తున్నట్టు కనిపిస్తుంది. కంగారుపడి పైకి లేపేయకు.

ఎల్‌ఎన్‌బీని, అంటే డిష్ ముందు కడ్డీ చివర సిగ్నల్ అందుకునే పరికరాన్ని, తిప్పడం చాలామంది మరిచిపోతారు. డిష్ వెనక నిలబడి ఆకాశం వైపు చూస్తూ, గడియారం ముల్లుకు ఎదురుగా సుమారు 40 డిగ్రీలు తిప్పాలి. లేకపోతే సిగ్నల్ బలహీనపడి చానెళ్లు సరిగా రావు.

ఇక వెతుకులాట. సెట్‌టాప్ బాక్సు సెట్టింగుల్లో ఎల్‌ఎన్‌బీ రకం యూనివర్సల్, 9750/10600 అని పెట్టు. డిష్‌ను ఒక్కో డిగ్రీ జరుపుతూ రెండు మూడు సెకన్లు ఆగు, బాక్సు వెంటనే పట్టుకోదు. టీవీ తెర మీద స్ట్రెంగ్త్ గీత చూసి మురిసిపోకు, క్వాలిటీ గీతే అసలు సాక్ష్యం. 91.5, 95 డిగ్రీల దగ్గర వేరే ఉపగ్రహాలున్నాయి. 60 సెంటీమీటర్ల డిష్ చూపు మూడు డిగ్రీల వెడల్పు కాబట్టి పొరుగువాటి మీద పడితే స్ట్రెంగ్త్ నిండుగా, క్వాలిటీ సున్నాగా ఉంటుంది. క్వాలిటీ దొరికాక నట్లను మార్చి మార్చి, కొంచెం కొంచెంగా బిగించు. ఒకటే ముందు బిగిస్తే డిష్ జరిగిపోతుంది.

కేబుల్ ఆర్‌జీ-6. మధ్య రాగి తీగ కనెక్టరు అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటే చాలు. దాని చుట్టూ ఉండే జాలీ అల్లికలోని పోగు ఒక్కటి దానికి తగిలినా షార్టే. ఆ తీగలో 13 లేదా 18 వోల్టులు పోతుంటాయి. కాబట్టి బాక్సు ఆపాకే కలుపు. కనెక్టరు దగ్గర కేబుల్‌ను కిందికి ఒక వంపు వదిలి టేపు చుట్టు, వాన నీళ్లు ఆ వంపులోంచి కారిపోతాయి.

ఇట్లు,
మామయ్య