గిట్ గ్రాఫ్‌లో నా బ్రాంచ్ లేదు, ఇంటర్వ్యూలో ఏటి చూపించాలి?

ప్రశ్న: మాది ఆమదాలవలస సార్, బీటెక్ ఫైనలియర్. టీమ్ ప్రాజెక్టు కోడ్ గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) ఉంది, అందులో లాగిన్ పార్ట్ నేను వేరే బ్రాంచ్‌లో, అంటే మెయిన్ కోడ్‌కి పక్కన విడిగా చేశాను. మా లీడ్ దాన్ని మెయిన్‌లో మెర్జ్ చేసి (కలిపి) బ్రాంచ్ డిలీట్ కొట్టేశాడు. ఇప్పుడు గిట్ చరిత్రని గీతల బొమ్మగా చూపించే సోర్స్‌ట్రీలో చూస్తే అంతా ఒకటే లైను. ప్లేస్‌మెంట్స్‌లో నేనేం చేయలేదనుకుంటారా?

జవాబు: కంగారు పడకమ్మా, డిలీట్ కొట్టినందుకు గీత పోలేదు. గిట్‌లో బ్రాంచంటే ఒక కమిట్ (సేవ్ చేసిన ఒక్కో మార్పు) మీద అంటించిన లేబులంతే, ఏ కమిట్ ఏ బ్రాంచ్‌లో చేశావో ఆ కమిట్‌లో గిట్ రాసుకోదు, సోర్స్‌ట్రీ అయినా గిట్‌క్రాకెన్ లాంటి ఇంకో టూలయినా ప్రతి కమిట్‌కీ పేరెంట్ (దాని ముందున్న కమిట్) ఏదో చూసి చుక్కలు కలుపుతాయి, రంగులు వాటిష్టం.

మామూలు మెర్జ్ కమిట్‌కి రెండు పేరెంట్లుంటాయి కాబట్టి లేబుల్ తీసేసినా పాయ (విడిపోయిన గీత) కనిపిస్తూనే ఉంటది. నీకు కనపడట్లేదంటే ఫాస్ట్ ఫార్వర్డ్ అయ్యుండొచ్చు, అంటే నువ్వు పనిచేసినన్నాళ్ళూ మెయిన్‌లో కొత్తదేం పడలేదు, మెయిన్ లేబులే ముందుకి జరిగింది, అప్పుడు నీ కమిట్లు ఆ ఒక్క లైన్లోనే నీ పేరుతోనే ఉంటాయి, గొడవే లేదు. రీబేస్ (నీ కమిట్లని మెయిన్ చివర మళ్ళీ పేర్చడం) చేసినా లైను ఇలాగే తిన్నగా అవుతుంది, పేర్లు పోవు. స్క్వాష్ చేసుంటే మాత్రం నీ కమిట్లన్నీ కలిపి ఒక్కటైపోతాయి, పాత పాయతో దానికి లింకుండదు, పైగా లీడ్ తన లాప్‌టాప్‌లో స్క్వాష్ చేసి కమిట్ కొట్టుంటే ఆథర్‌గా అతని పేరే పడుతుంది. ముందు అది చూడు.

గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ (నా కోడ్ మెయిన్‌లో కలపండని అడగడం) పెట్టావా? పెట్టుంటే బ్రాంచ్ పోయినా ఆ పేజీలో నీ కమిట్లు వరసగా ఉంటాయి, ఆ లింకే రెజ్యూమేలో పెట్టుకో. లేదంటే నీ లాప్‌టాప్ చూడు, సర్వర్లో డిలీట్ చేసినంత మాత్రాన నీ లోకల్ బ్రాంచ్ పోదు. గిట్‌తో వచ్చే గిట్‌కే అనే గ్రాఫ్ టూల్ ఉత్తినే ఓపెన్ చేస్తే ఇప్పుడున్న బ్రాంచ్ హిస్టరీయే చూపిస్తుంది, ఆల్ అనే ఆప్షన్ ఇవ్వాలి.

శ్రీకాకుళంలో మా దగ్గరకొచ్చే పిల్లలు స్కిల్స్ కింద సోర్స్‌ట్రీ, గిట్‌క్రాకెన్ అని రాస్తుంటారు, నాకైతే దండగనిపిస్తుంది. సోర్స్‌ట్రీ లినక్స్‌కి లేనే లేదు, సర్వర్ మీద కమాండ్లు టైప్ చేసే నల్ల స్క్రీనే గతి. అక్కడ గిట్ లాగ్ అనే కమాండ్‌కి గ్రాఫ్, వన్‌లైన్, ఆల్ ఆప్షన్లిచ్చి వచ్చిన బొమ్మ చూస్తూ ఇక్కడ విడిపోయింది, ఇక్కడ కలిసింది అని చెప్పగలిగితే వైజాగ్‌లోనైనా హైదరాబాద్‌లోనైనా వింటారు. ఒక ఉత్తుత్తి రిపో (గిట్ ప్రాజెక్టు ఫోల్డర్) పెట్టి మెర్జ్, స్క్వాష్, రీబేస్ మూడూ చేసి గ్రాఫ్ ఎలా మారుతోందో చూసుకో.

మీ లీడ్‌ని మెర్జ్ ఎలా చేశాడో ఇవాళే అడుగు, దెబ్బలాటకి కాదు. స్క్వాష్ అని చెప్తే ఇకమీదట కమిట్ మెసేజ్ చివర కో ఆథర్డ్ బై అని నీ పేరూ మెయిలూ పెట్టమను.