కాపురం సంగతి కన్సల్టెన్సీ రాయలేదు

ఆస్ట్రేలియాలో పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉన్న భర్త దగ్గరికి వెళ్లడానికి పార్ట్‌నర్ వీసా దరఖాస్తును విజయవాడలోని ఏదైనా కన్సల్టెన్సీకి అప్పగించాలా, లేక సొంతంగా వేసుకోవచ్చా అని ఒక సోదరి అడిగారు. పెళ్లయి మూడు నెలలైందని, పెళ్లి ఇంకా రిజిస్టర్ చేయించలేదని, భర్త వచ్చే నెలలో మూడు వారాల సెలవు మీద వస్తున్నారని కూడా రాశారు. నేను గుంటూరు బ్రాడీపేట అమ్మాయిని, అత్తవారిది తెనాలి. ఈ దారిలోనే నడిచి ఇప్పుడు మెల్‌బోర్న్‌లో ఉంటున్నాను. సలహా కోసం డబ్బు ఖర్చు పెట్టండి, కానీ మీ కాపురం గురించి రాసే పనిని మాత్రం డబ్బిచ్చి ఎవరికీ అప్పగించకండి. ఈ మాట ఎందుకు అంటున్నానో చెప్పాలంటే నాకు జరిగింది చెప్పాలి.

మా పెళ్లి మాఘమాసంలో జరిగింది. పెళ్లయిన పంతొమ్మిదో రోజున మా వారు ఉద్యోగానికి వెళ్లిపోయారు. ఆ తరువాత మా బంధువులలో ఒకరు చెప్పడంతో నాన్నగారు విజయవాడ బందరు రోడ్డులో ఉన్న ఒక కన్సల్టెన్సీకి మమ్మల్ని తీసుకువెళ్లారు. గోడల నిండా విదేశీ విశ్వవిద్యాలయాలకు వెళ్లిన పిల్లల ఫోటోలు ఉన్నాయి. స్టూడెంట్ వీసాలు అన్ని చేసినవారికి భార్యాభర్తల వీసా ఏపాటిదని నాన్నగారు అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. మొత్తం లక్ష రూపాయలు అడిగి, ఇరవై అయిదు వేలు అడ్వాన్సు తీసుకున్నారు. శుభలేఖ, పెళ్లి ఆల్బమ్, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, పాస్‌పోర్టులు, ఆయన జీతం స్లిప్పులు ఇమ్మన్నారు. అన్నీ ఇచ్చాము. మా ఇద్దరి గురించి మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అప్పట్లో అది నాకు లోపంగా తోచలేదు, పని తెలిసినవారు కాబట్టి అడగనవసరం లేదనుకున్నాను.

రెండు వారాల తరువాత సంతకాలకు రమ్మని ఫోన్ వచ్చింది. నాన్నగారికి ఆ రోజు వీలు కాకపోవడంతో మా వారి అమ్మ, అత్తయ్య నాతో వచ్చారు. మంచి ఎండాకాలం, ఇద్దరం తెనాలి నుంచి బస్సులో వెళ్లాము. సంతకం చేయవలసిన ప్రతి చోటా పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టి కాగితాల కట్ట నా ముందు ఉంచారు. నేను చదవడం మొదలుపెట్టేసరికి అక్కడి ఉద్యోగి కొంత అసహనంగా, అన్నీ చూశాకే పెట్టామని, చదవనవసరం లేదని అన్నాడు. అయినా చదివాను. మా ఇద్దరి గురించి నా పేరు మీద ఇంగ్లీషులో రాసిన వివరణ రెండో పేజీలో, మేము హైదరాబాద్‌లో అద్దె ఇంట్లో ఆరు వారాలు కలిసి ఉన్నామని ఉంది. మేము కలిసి ఉన్న పంతొమ్మిది రోజులూ తెనాలిలో అత్తయ్య చేతి వంట తింటూ ఆ ఇంట్లోనే ఉన్నాము. దాని కింది పేరాలో, అత్తగారు చనిపోయినప్పుడు భర్తకు నేను ఎంతో ధైర్యం చెప్పానని ఉంది.

అత్తయ్య నా పక్క కుర్చీలో మంచినీళ్ల సీసా పట్టుకుని కూర్చుని ఉన్నారు. నా ముఖం చూసి, "ఏం రాశారమ్మా?" అని అడిగారు. నా నోట మాట రాలేదు. ఆ వాక్యాన్ని వేలితో చూపిస్తే ఆ ఉద్యోగి తొణక్కుండా, "పాత ఫైలులోది ఉండిపోయినట్టుంది మేడం, మార్చేద్దాం. అక్కడ ఇవన్నీ కూర్చుని ఎవరూ చదవరు," అన్నాడు. నేను మిగిలిన పేజీలు కూడా తిప్పాను. దరఖాస్తు నింపడంలో ఎవరి సహాయమైనా తీసుకున్నారా అనే ప్రశ్నకు లేదని జవాబు పెట్టి ఉంది. నాతో ఉత్తర ప్రత్యుత్తరాలకు ఇచ్చిన ఈమెయిల్ నాది కాదు, వారి ఆఫీసుది. అంటే అక్కడి నుంచి ఏ ఉత్తరం వచ్చినా వారు చెబితేనే నాకు తెలుస్తుంది. నేను సంతకం చేయనని చెప్పి మా ఒరిజినల్స్ వెనక్కి తీసుకున్నాను. అడ్వాన్సు తిరిగి రాలేదు.

తిరుగు ప్రయాణంలో బస్సు వారధి దాటిన తరువాత విషయం అత్తయ్యకు చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. కాసేపు కిటికీలోంచి చూసి, "మన సంగతి మనకు తెలిసినట్టు వాళ్లకెలా తెలుస్తుందే? నువ్వే రాయి," అన్నారు. ఆ రాత్రే ఒక నోట్‌బుక్కులో తెలుగులో రాయడం మొదలుపెట్టాను. తరువాత దానినే ఇంగ్లీషులోకి మార్చుకున్నాను.

ఆ రోజు నేను సంతకం చేసి ఉంటే ఏమయ్యేదో తరువాత తెలుసుకుని చాలా భయపడ్డాను. ఆస్ట్రేలియా వీసా నిబంధనలలో పబ్లిక్ ఇంటరెస్ట్ క్రైటీరియన్ 4020 అనేది ఒకటి ఉంది. దాని ప్రకారం తప్పుడు సమాచారం గానీ నకిలీ పత్రం గానీ ఇచ్చారన్న కారణంతో దరఖాస్తును తిరస్కరిస్తే, ఆ నిబంధన వర్తించే ఇతర వీసాలు కూడా మూడేళ్ల పాటు దొరకకపోవచ్చు. వ్యక్తి గుర్తింపు విషయంలోనే తేడా ఉంటే అది పదేళ్లు. ఎవరు రాసిపెట్టినా సంతకం మనది, శిక్షా మనకే. దరఖాస్తు రుసుము ఇప్పుడు తొమ్మిది వేల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. మన డబ్బులో అయిదు లక్షలకు పైమాటే, తిరస్కరించినా అది వెనక్కి రాదు. ఇంత మొత్తం కట్టే దరఖాస్తులో ఇంకొకరి అత్తగారి మరణాన్ని నా పేరున పెట్టినవారిని నేను ఈనాటికీ క్షమించలేకపోతున్నాను.

తరువాత మా వారు మెల్‌బోర్న్‌లో రిజిస్ట్రేషన్ ఉన్న ఒక మైగ్రేషన్ ఏజెంట్‌తో వీడియో కాల్‌లో గంట సమయం తీసుకున్నారు. ఆవిడ రెండు వందల యాభై డాలర్లు తీసుకుని, మా కాగితాలన్నీ ముందుగా పంపించమని, చూసిన తరువాతే మాట్లాడారు. మొదట అన్న మాటను నా తెలుగులో చెప్పాలంటే, "మీ ఫైలులో పెళ్లి ఉంది, కాపురం లేదు," అన్నారు. ఆ ఒక్క మాటకే ఆ డబ్బు చెల్లింది.

మన వైపు పెళ్లికి ఆధారాలు ఎన్నో ఉంటాయి. లగ్నపత్రిక నుంచి అప్పగింతల వరకు రెండు వేల ఫోటోలు, డ్రోన్ వీడియో, కిలోల బరువున్న ఆల్బమ్ ఉంటాయి. తాళి కట్టిన మరునాటి నుంచి భార్యాభర్తలు ఎలా బతుకుతున్నారన్న దానికి మాత్రం ఒక్క కాగితం దాచుకోము. ఆస్ట్రేలియా వలస నిబంధనలు, 1994లోని 1.15ఎ ప్రకారం అధికారి చూడవలసింది ఆ రెండోదే. ఇద్దరి మధ్య డబ్బు వ్యవహారాలు, ఇంటి నిర్వహణ, నలుగురిలో భార్యాభర్తలుగా గుర్తింపు, ఒకరి పట్ల ఒకరికి ఉన్న నిబద్ధత అనే నాలుగు కోణాల నుంచి చూస్తారు. పెళ్లి ఫోటోలు ఆ నాలుగింటిలో ఒక మూలకు మాత్రమే పనికొస్తాయి. రెండు వేల ఫోటోలలో నుంచి మేము చివరకు పెట్టినవి పద్దెనిమిది.

మా మధ్య ఏముందని ఆ ఏజెంట్ గుచ్చి గుచ్చి అడిగితే ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. అత్తయ్యకు కంటి శుక్లాల ఆపరేషన్ జరిగినప్పుడు ఆసుపత్రిలో దగ్గరుండి చూసుకున్నది నేనే, కాగితాలలో కోడలిగా సంతకం చేసిందీ నేనే, ఖర్చు నా ఖాతాలోకి పంపించింది ఆయన. ఇది మాకు మామూలు సంసారం, ఏజెంట్ దృష్టిలో మాత్రం డబ్బుకూ ఇంటి నిర్వహణకూ కలిపి చూపగల ఆధారం. శ్రావణ మంగళవారం నోము అత్తయ్య చేయించినప్పుడు తీసిన ఫోటోలు, నా పాస్‌పోర్టులో భర్త పేరు చేర్పించడం, ఆధార్ చిరునామా తెనాలికి మార్పించడం, ఆయన తన సూపర్ (ఆస్ట్రేలియాలో ఉద్యోగుల పదవీ విరమణ నిధి) ఖాతాలో లబ్ధిదారుగా నా పేరు రాయడం, ఇవన్నీ అలాగే చేరాయి. వాట్సాప్ సంభాషణలన్నీ అచ్చు తీసి పెట్టవద్దని, నెలకు రెండు మూడు చొప్పున ఎంచి పెట్టమని అన్నారు. నేను కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం మానాలా వద్దా అని మేమిద్దరం మూడు వారాలు వాదించుకున్న సంభాషణను సిగ్గుపడి తీసేయబోతే, దానిని తప్పకుండా ఉంచమన్నారు. భవిష్యత్తు గురించి ఇద్దరూ కలిసి ఆలోచిస్తున్నారనడానికి అంతకంటే ఏం కావాలని అడిగారు.

ఆవిడ సలహా మీద తొందరపడకుండా కార్తీకమాసం వరకు ఆగాము. దరఖాస్తుకు ముందు రెండోసారి మాట్లాడినప్పుడు ఆవిడ ఇంకో ప్రశ్న వేశారు. చిరునామాల వివరాలలో ఒక నెల పాటు నేను తెనాలి వదిలి గుంటూరులో పుట్టింట్లో ఉన్నట్టు ఉంది, అత్తవారితో ఏమైనా గొడవా అన్నారు. అది ఆషాఢం. కొత్త కోడలు ఆషాఢమాసంలో అత్తవారింట్లో ఉండదన్నది మనలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. మన ఇళ్లు చూడని అధికారికి అది విడిపోయిన గుర్తుగా కనబడవచ్చని నాకు తోచనే లేదు, వివరణలో రెండు వాక్యాలు రాస్తే సరిపోయింది. బయటి కన్ను అవసరమని నేను చెబుతున్నది ఇందుకే. మనకు అతి మామూలుగా అనిపించేదే అక్కడ ప్రశ్న అవుతుంది.

పేర్ల సంగతి కూడా అంతే. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో విడిగా సర్‌నేమ్ గడిలో, బ్యాంకు పుస్తకంలో ఒక్క పొడి అక్షరంగా, పెళ్లి సర్టిఫికెట్‌లో మరో విధంగా ఉంటుంది. ఈ రకాలన్నీ దరఖాస్తులో ఇతర పేర్ల దగ్గర తెలియజేసి, ఇవన్నీ ఒకే వ్యక్తి పేర్లని నోటరీ అఫిడవిట్ జతచేస్తే మంచిది. తెలుగులో ఉన్న శుభలేఖకు ఇంగ్లీషు అనువాదం కూడా పెట్టాలి. నాకు తెలిసిన ఒక అమ్మాయి వీటిలో ఏదీ చేయకుండా పంపించింది, అదనపు వివరాలు అడుగుతూ ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం ఆమె పెట్టుకున్న ఏజెంట్ మెయిల్‌లో పడి ఉండగా గడువు దాటిపోయింది.

ఏజెంట్లలో తేడా ఇలా ఉంటుంది. ఆస్ట్రేలియాలో ఉండి వలస విషయాలలో సహాయం చేయాలంటే అక్కడి మైగ్రేషన్ ఏజెంట్ల రిజిస్ట్రేషన్ అథారిటీలో నమోదై ఉండాలి, లేదా న్యాయవాది అయి ఉండాలి. నమోదైనవారికి ఏడంకెల నంబరు ఉంటుంది, ఆ నంబరుతో ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరైనా సరిచూసుకోవచ్చు. వారు ఫీజు వివరాలతో రాతపూర్వక ఒప్పందం ఇవ్వాలి, వీసా తప్పక వస్తుందని హామీ ఇవ్వకూడదు. విజయవాడ బెంజ్ సర్కిల్‌లో బోర్డు పెట్టుకున్న వ్యక్తికి అక్కడి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కనుక, ఆయన తప్పు చేస్తే ఆ అథారిటీకి ఫిర్యాదు చేసినా ప్రయోజనం ఉండదు. విజయవాడలో కూర్చుని ఆ నంబరు ఉన్నవారు కూడా ఉంటారు, అడిగి చూడండి. అడిగినందుకు ముఖం మాడ్చుకుంటే అక్కడి నుంచి లేచి రండి.

మొత్తం ఫైలును ఏజెంట్ చేతికే ఇవ్వవలసిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఇంతకుముందు ఏదైనా వీసా తిరస్కరించి ఉన్నా, ఇద్దరిలో ఎవరికైనా మొదటి పెళ్లి, విడాకులు ఉన్నా, మొదటి పెళ్లి పిల్లలను తీసుకువెళ్లాలన్నా, పోలీసు కేసు గానీ తీవ్రమైన అనారోగ్యం గానీ ఉన్నా, మీ వారు ఇంతకుముందు మరొకరిని స్పాన్సర్ చేసి ఉన్నా సొంత ప్రయోగాలు వద్దు. అప్పుడు ఫారం 956 ద్వారా ఏజెంట్‌ను నియమించుకుని, ప్రతి పేజీ కాపీ, ప్రతి ఉత్తరం కాపీ మీకు వచ్చేలా ఒప్పందంలోనే రాయించుకోండి. మీరు రాసిన దానిని బట్టి మీకు అటువంటివేవీ లేవు. మీది తాత్కాలికమైన 309 వీసా, శాశ్వతమైన 100 వీసా కలిపి ఒకేసారి వేసే దరఖాస్తు. శాశ్వత వీసా సంగతి మామూలుగా దరఖాస్తు చేసిన రెండేళ్ల తరువాత చూస్తారు కాబట్టి, మొదటి వీసా వచ్చాక కూడా కాగితాలు దాచుకోవడం మానకూడదు. నాకు మొదటిది పదమూడు నెలలకు వచ్చింది. ఆ పదమూడు నెలలూ ఏ పేరంటానికి వెళ్లినా "ఇంకా రాలేదా?" అని అడిగిన పెద్దవారు, అడిగిన ప్రతిసారీ ఆ అమ్మాయికి ఆ రాత్రి నిద్ర పట్టదని తెలుసుకుంటే బాగుంటుంది.

మీ వారు వచ్చే మూడు వారాలలో మొదటి రోజుల్లోనే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి రిజిస్టర్ చేయించుకోండి. శుభలేఖ, పెళ్లి ఫోటో, ఇద్దరి వయసు ధ్రువపత్రాలు, ముగ్గురు సాక్షులు కావాలి, ఇద్దరూ స్వయంగా వెళ్లాలి. ఆయన విమానం ఎక్కిన తరువాత ఆ పని కాదు. సర్టిఫికెట్‌లో మీ పేరు, పాస్‌పోర్టులో ఉన్న పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో కౌంటరు దగ్గర ఉండగానే చూసుకోండి. ఆయన ఉండగానే ఒక నోట్‌బుక్కు కొనుక్కుని, మీరెలా కలిశారు, ఎవరు ఏం చేస్తారు, ఇంట్లో డబ్బు ఎలా నడుస్తుంది అన్నవి ఇద్దరూ ఎవరికి వారు తెలుగులో రాసుకోండి. తేదీల దగ్గర మీ ఇద్దరి రాతల్లో ఎక్కడ తేడా వచ్చిందో పక్కపక్కన కూర్చుని చూడండి. మా ఇద్దరికీ పెళ్లిచూపుల తేదీయే రెండు రకాలుగా వచ్చింది, అత్తయ్య పాత క్యాలెండరు తీసి సరిచేశారు.