యూరోవిజన్‌లో ఆస్ట్రేలియా పాడుతోంది, మరి ఇండియా ఎందుకు లేదు?

యూరోవిజన్ అంటే యూరప్ దేశాల మధ్య జరిగే పాటల పోటీ. ఆస్ట్రేలియా ఎక్కడ, యూరప్ ఎక్కడ, వాళ్లకు లేని అడ్డు మనకేంటి అని అడిగారు. నాకు ఈ అనుమానం 2016లోనే వచ్చింది. మే నెలలో ఒక ఆదివారం, ఇంకా తెల్లవారుజామున నాలుగు కూడా కాలేదు, మెల్‌బోర్న్‌లో ఉండే మా అక్క ఫోన్ చేసి "మనోళ్లు గెలిచేట్టున్నారు రా" అంది. ఇండియాకి ఆ టైంలో మ్యాచ్ ఏముందబ్బా అనుకున్నా. తీరా చూస్తే పాటల పోటీ, మనోళ్లంటే ఆస్ట్రేలియా! డామీ ఇమ్ అనే అమ్మాయి జ్యూరీ మార్కుల్లో 320తో అందరికంటే పైన ఉంది. ప్రేక్షకుల ఓట్లు కలిపేసరికి ఉక్రెయిన్ జమాలాకి 534, ఈమెకి 511. అక్క ఫోన్ పెట్టేసింది.

అసలు సంగతేంటంటే, అక్కడ పేరుకే దేశాలు, పాల్గొనేది టీవీ సంస్థలు. పోటీ నడిపేది యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్. అందులో పూర్తి సభ్యత్వం యూరప్, దాని చుట్టుపక్కల ప్రాంతాల సంస్థలకే. ఆస్ట్రేలియాలో ఎస్‌బీఎస్ అనే ఛానల్ 1983 నుంచీ ఈ పోటీ చూపిస్తోంది. అక్కడికి వలస వెళ్లిన యూరప్ కుటుంబాలు చాలా ఉన్నాయి కదా, ఆదివారం పొద్దున అయిదింటికే లేచి చూసేవాళ్లు తయారయ్యారు. 2015లో వియన్నాలో 60వ ఏడాది వేడుకని ఒక్కసారికి అతిథిగా పిలిచారు. గై సెబాస్టియన్ అయిదో స్థానం తెచ్చాడు. ఆ తర్వాత కూడా పిలుస్తూ వచ్చారు. ఒకవేళ గెలిచినా మరుసటి ఏడాది పోటీ యూరప్ ఊళ్లోనే పెట్టాలి. అంటే అల్లుడి హోదా కాదు, చుట్టం హోదానే.

మనకు పాటలు తక్కువై కాదు, పిలుపు లేక. ముప్పై ఏళ్లు చూపించిన ఛానల్ మన దగ్గర ఏది?

ఓటు మాత్రం మనమూ వేయొచ్చు. 2023 నుంచి, పోటీలో లేని దేశాల వాళ్లందరి ఓట్లూ కలిపి ఒక దేశం ఓటు కింద లెక్కేస్తున్నారు. ఆ ఏడాది లివర్‌పూల్ ఫైనల్ మనకు అర్ధరాత్రి పన్నెండున్నరకి మొదలైంది. తిరుపతిలో మే నెల ఎండ సంగతి తెలుసుగా, ఆ వేళలోనూ ఇంట్లో ఉక్క. ల్యాప్‌టాప్ తీసుకుని మిద్దె ఎక్కి, ఫోన్ హాట్‌స్పాట్‌తో యూట్యూబ్‌లో చూశా. ఓటుకి డబ్బు కట్టాలి, అదీ కార్డుతో. నా కార్డు రెండుసార్లు ఫెయిల్. విదేశీ చెల్లింపులు బ్యాంకు వాళ్లు ముందే ఆపేసి ఉంచారట, నాకు ఒక్క మాట చెప్పలేదు. యాప్‌లో ఆ మీట ఎక్కడుందో వెతుక్కునేసరికి మూడైంది. ఓటింగ్ మూసేస్తారేమోనని ఒకటే టెన్షన్.

అంతలో సుప్రభాతం వేళకి లేచిన అవ్వ నన్ను వెతుక్కుంటూ పైకొచ్చింది. స్క్రీన్ మీద ఫిన్లాండ్ కారియా, బుట్ట చేతుల పచ్చ జాకెట్‌లో గెంతుతున్నాడు. "ఎవుర్రా ఈ పచ్చరైక పిల్లోడు? బలే ఎగరతా ఉండాడే" అంది. నా ఓటూ అతనికే వేశా. ప్రేక్షకుల ఓట్లలో అతనికి 376 వచ్చాయి, అందరికంటే ఎక్కువ. అయినా జ్యూరీ మార్కుల దెబ్బకి స్వీడన్ లోరీన్ 583తో గెలిచింది, ఇతను 526 దగ్గర ఆగాడు. జ్యూరీ మీద నాకు ఇప్పటికీ కోపమే.

మీరు అడగని విషయం ఒకటుంది. దేశం వెళ్లలేకపోయినా గాయకుడు వెళ్లొచ్చు. పాడేవాళ్లు ఆ దేశం వాళ్లే అయ్యుండాలని పోటీ రూల్ లేదు. 1988లో స్విట్జర్లాండ్ తరఫున గెలిచిన సెలీన్ డియాన్ కెనడా మనిషి. కొన్ని దేశాలు సొంత షరతులు పెట్టుకుంటాయి గానీ, శాన్ మరీనో ఎంపిక పోటీకి ఏ దేశం వాళ్లైనా పేరివ్వొచ్చు. 1999 నుంచి భాష కూడా మన ఇష్టం, కాబట్టి తెలుగులోనూ పాడొచ్చు. పాట మూడు నిమిషాలు దాటకూడదు, స్టేజీ మీద ఆరుగురికి మించకూడదు, ప్రధాన గొంతు లైవ్‌లోనే పాడాలి. మన సంగీత కళాశాల పిల్లలకి ఆ చివరిదేమీ కష్టం కాదు. పల్లవి, రెండు చరణాలు మూడు నిమిషాల్లో ఇరికించడమే కష్టం.