ఏడాదిన్నరగా అలాగే ఉన్న బగ్, ఎన్నిసార్లు చెప్పినా కదలని కంపెనీ: ఆడేవాళ్లం ఏం చేయాలి?

మీ ప్రశ్న చదవగానే నా పాత కోపం మళ్లీ తన్నుకొచ్చింది. ర్యాంక్ మ్యాచ్ మధ్యలో గేమ్ మిమ్మల్ని తీసుకెళ్లి లాబీలో (మ్యాచ్ మొదలయ్యే దాకా వేచి ఉండే చోట) పడేస్తోంది, పాయింట్లు పోతున్నాయి, పైగా మ్యాచ్ వదిలేసి పోయారని శిక్ష కూడా మీకే పడుతోంది, ఏడాదిన్నరగా ఇదే తంతు, కొత్త స్కిన్‌లు (పాత్రలకి, ఆయుధాలకి డబ్బు పెట్టి కొనుక్కునే వేషాలు) మాత్రం రెండు వారాలకోసారి ఠంచనుగా దిగుతున్నాయి అన్నారు. కంపెనీకి నిజంగా పట్టదా, ఏం చేస్తే పట్టించుకుంటారు, లేక మానేయడమే మేలా అని అడిగారు. నేను వేరే గేమ్‌లో ఇలాంటి బగ్‌తోనే దాదాపు రెండేళ్లు వేగాను. నా ఉద్యోగం కూడా సాఫ్ట్‌వేర్ టెస్టింగే (గేమ్‌లు కాదు, మామూలు అప్లికేషన్లు), కాబట్టి అవతలి వైపు ఏం జరుగుతుందో కూడా కొంత తెలుసు.

ముందు నా కథ చెప్తాను. ఐదుగురు టీమ్‌గా ఒక కోటలోకి వెళ్లాలి, చివర్లో ఒక పెద్ద బాస్, వాడిని చంపితే ఎవరి ముందు వాళ్లకి ఒక పెట్టె తెరుచుకుంటుంది. వారానికి ఒక్కసారే అవకాశం. లోపల గంటన్నర పడుతుంది, ఐదుగురికీ కుదిరే టైమ్ దొరకడం అంతకంటే కష్టం. బగ్ ఏమిటంటే, అప్పుడప్పుడు ఐదుగురిలో ఒకరికి పెట్టె ఖాళీగా వచ్చేది. మూత లేస్తుంది, లోపలి నుంచి పసుపు రంగు వెలుగు వస్తుంది, ఆ గంట మోత కూడా వినిపిస్తుంది, లోపల ఏమీ ఉండదు. ఆ వారం అవకాశం మాత్రం వాడేసుకున్నట్టే లెక్క. మా టీమ్‌లో ఒకడు ఒక విల్లు కోసం పదకొండు వారాలు వరసగా తిరిగాడు. ఆ గేమ్‌లో పన్నెండో వారం ఆ విల్లు ఖాయంగా ఇస్తారు. పన్నెండో వారం బాస్‌ని చంపాం, అందరం వాడి కోసమే ఎదురుచూస్తున్నాం. "రేయ్, ఖాళీరా" అన్నాడు మైక్‌లో. ఇంకో మాట లేదు. మాకూ ఏం అనాలో తోచలేదు. ఐదు నిమిషాలకి వాడి పేరు ఆఫ్‌లైన్‌లోకి వెళ్లిపోయింది.

సపోర్ట్‌కి రాశాం. గేమ్ రీస్టార్ట్ చేయండి, క్యాష్ (గేమ్ దాచుకునే తాత్కాలిక ఫైళ్లు) క్లియర్ చేయండి, మీ ఇంటర్నెట్ చూసుకోండి అన్నారు. మళ్లీ వివరంగా రాశాం, అక్షరం పొల్లుపోకుండా అదే జవాబు, కింద పేరు మాత్రం వేరేవాళ్లది. మూడోసారికి సమస్య తీరిపోయిందని భావించి టికెట్ (మా ఫిర్యాదు) క్లోజ్ చేస్తున్నాం అని వచ్చింది. నాకు నిజంగా ఒళ్లు మండింది అక్కడే. సాఫ్ట్‌వేర్ అన్నాక బగ్ ఉంటుంది, రోజూ బగ్‌లు పట్టుకుని బతికేవాడిని, అది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఉందని ఒప్పుకోకపోవడం ఉంది చూశారా, అది మన మొహం మీదే నువ్వు అబద్ధం చెప్తున్నావు అన్నట్టు ఉంటుంది. ఆడేవాళ్లు అంత ఆవేశంగా రాసేది బగ్ గురించి కాదు, ఆ మౌనం గురించి. "ఈ సమస్య మాకు తెలుసు, ఇంకా కారణం దొరకలేదు" అని ఒక్క లైన్ రాసి ఉంటే మా టీమ్‌లో సగం కోపం ఆ రోజే చల్లారిపోయేది.

ఇక ఎందుకు సరిచేయరు అన్న దానికి వస్తాను. చాలామంది బద్ధకం అనుకుంటారు, డబ్బు ఆశ అనుకుంటారు, కొంత నిజం ఉండొచ్చు, కానీ నేను చూసినంతలో అన్నిటికంటే మామూలు కారణం, ఆ బగ్ వాళ్ల దగ్గర రాకపోవడం. మా భాషలో దీన్ని రీప్రొడ్యూస్ కావడం లేదు అంటాం. డెవలపర్ కూర్చుని ఇరవై సార్లు ఆడి చూస్తాడు, ఇరవై సార్లూ బాగానే వస్తుంది, ఇక అతను ఏ లైన్ మార్చాలి? ఆన్‌లైన్ గేమ్‌లలో ఇది ఇంకా దారుణం, ఎందుకంటే ఆఫీసులో నెట్‌వర్క్ నున్నగా ఉంటుంది, టెస్ట్ సర్వర్ దగ్గర్లోనే ఉంటుంది, పింగ్ (మన సిగ్నల్ సర్వర్ దాకా వెళ్లి తిరిగి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) పదో పదిహేనో ఉంటుంది. మనం ఆడేది నూట యాభై, రెండు వందల పింగ్‌తో, మధ్యలో ఒక సెకను సిగ్నల్ పోయి వచ్చే వైఫై మీద. ఆ ఒక్క సెకనులోనే దాక్కునే బగ్ వాళ్లకి జన్మలో కనిపించదు. అందుకే అక్కడ టికెట్ మూతపడుతుంది, ఇక్కడ మనకి పాయింట్లు పోతూనే ఉంటాయి. రెండో కారణం భయం. పాత కోడ్, రాసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటారు, దాన్ని కదిపితే లాగిన్ విరుగుతుందో, కొన్న వస్తువులు మాయమవుతాయో ఎవరికీ తెలియదు. అలాంటి చోట ఏ మేనేజరూ ముందుకొచ్చి చేయి పెట్టమనడు.

స్కిన్‌ల విషయంలో ఒక మాట. స్కిన్ గీసే ఆర్టిస్టు, కనెక్షన్ కోడ్ రాసే ఇంజనీరు ఒకరు కాదు, స్కిన్‌లు ఆపేసినంత మాత్రాన ఆ ఆర్టిస్టు వచ్చి మీ బగ్ సరిచేయలేడు. అంతవరకు కంపెనీ తరఫున ఒప్పుకుంటాను. కానీ స్కిన్‌ల వల్ల వచ్చిన డబ్బుతో ఇంకో ఆర్టిస్టుని తీసుకోవాలా, ఇంకో ఇంజనీరుని తీసుకోవాలా అన్నది పైన కూర్చున్నవాళ్లు తీసుకునే నిర్ణయమే, ఏడాదిన్నర పాటు ఒకే వైపు తీసుకుంటే దాని అర్థం ఏమిటో మీకూ నాకూ తెలుసు.

బయటివాళ్లు కారణం పట్టిస్తే ఎంత తేడా వస్తుందో చెప్పడానికి జీటీఏ ఆన్‌లైన్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. 2013 అక్టోబర్‌లో వచ్చిన గేమ్ అది. లోడ్ కావడానికి నిమిషాలకు నిమిషాలు పడుతుందని ఆడేవాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు, సర్వర్లు అంతే, మీ కంప్యూటర్ పాతది అనే మాటలే విన్నారు. 2021 ఫిబ్రవరి చివర్లో ఒక ఆటగాడు, సోర్స్ కోడ్ (కంపెనీ రాసుకున్న అసలు ప్రోగ్రామ్) చేతిలో లేకుండానే, బయటి నుంచి తవ్వి చూసి కారణం బయటపెట్టాడు. గేమ్ మొదలవగానే పది మెగాబైట్ల ఫైల్ ఒకటి చదువుతుంది, అందులో గేమ్‌లో అమ్మే వస్తువులు సుమారు 63,000 ఉంటాయి. ఆ ఫైల్‌లో ఒక్కో ముక్క చదివిన ప్రతిసారీ, మిగిలిన ఫైల్ ఎంత పొడవుందో మళ్లీ మొదటి నుంచి కొలుస్తోంది. అది చాలదన్నట్టు, ఒక్కో వస్తువునీ జాబితాలో పెట్టే ముందు అప్పటిదాకా పెట్టిన వాటన్నిటితో ఒక్కొక్కటిగా పోల్చి చూస్తోంది. ఈ రెండూ సరిచేస్తే అతని కంప్యూటర్‌లో ఆరు నిమిషాల లోడింగ్ రెండు నిమిషాల లోపుకి దిగింది. కంపెనీ అది నిజమేనని ఒప్పుకుని ఆ మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చింది, అతనికి పది వేల డాలర్ల బహుమతి కూడా ఇచ్చింది. ఏడేళ్లు దాటిన సమస్య కారణం చేతికి అందాక వారాల్లో తీరిపోయింది. నాకైతే ఇది చదివిన రోజు సంతోషం కంటే బాధే ఎక్కువేసింది, ఆ ఏడేళ్లలో లోపల ఒక్కరైనా కూర్చుని ఇది ఎందుకింత నెమ్మదిగా ఉందని చూడలేదే అని.

మా పెట్టె సంగతి కూడా అలాగే తేలింది, చిన్న స్థాయిలో. విల్లు పోయిన రోజు ఆట మొత్తం నేను రికార్డ్ చేశాను. ఒక ఆదివారం కూర్చుని చివరి పది సెకన్లని ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ జరుపుతూ చూశాను. బాస్ కూలిపోయే క్షణంలో, స్క్రీన్ ఎడమ పక్కన ఉండే టీమ్ జాబితాలో వాడి పేరు బూడిద రంగులోకి మారి మళ్లీ తెల్లగా అయింది. సెకను కూడా లేదు. పాత రికార్డింగ్‌లు రెండు ఉంటే అవీ తీశాను, వాటిలోనూ ఖాళీ పెట్టె వచ్చినవాళ్ల పేరు అదే క్షణంలో బూడిద రంగు. అంటే కనెక్షన్ ఒక్క క్షణం తెగి అతుక్కుంటోంది. బాస్ చనిపోగానే ఎవరెవరు ఉన్నారో సర్వర్ లెక్క తీస్తుంది, సరిగ్గా ఆ క్షణంలో ఇతని పేరు లెక్కలో లేదు. మరుక్షణం తిరిగొచ్చాడు కాబట్టి పెట్టె బొమ్మ మాత్రం కనిపిస్తోంది. ఇది నా ఊహే, వాళ్ల కోడ్ నేను చూడలేదు, కానీ ఊహని పరీక్షించొచ్చు కదా. కొత్త క్యారెక్టర్లు తయారు చేసుకుని, బాస్ ప్రాణం ఒక శాతానికి రాగానే ఒకరం కావాలని వైఫై ఒక సెకను ఆపి మళ్లీ ఆన్ చేసేవాళ్లం. పన్నెండు సార్లు చేస్తే పదకొండు సార్లు పెట్టె ఖాళీ.

అప్పుడు రాసిన టికెట్‌లో కోపం ఒక్క ముక్క పెట్టలేదు. వరసగా ఏం చేయాలి, ఏం రావాలి, ఏం వస్తోంది, పన్నెండుకి పదకొండు, తేదీలు, టైమ్, ఏ వెర్షన్, పింగ్ ఎంత, వీడియోలో ఏ సెకను దగ్గర చూడాలి, ఇంతే. గేమ్ ఆడేవాళ్లు ఇంకెవరికైనా ఇలా జరిగి ఉంటే అదే పద్ధతిలో చేసి చూసి పంపమని అడిగాం, కొందరు పంపారు. నాలుగు రోజులకి మొదటిసారి మనిషి రాసినట్టున్న జవాబు వచ్చింది. సంబంధిత టీమ్‌కి పంపించాం అన్నారు. అయినా అప్‌డేట్ రావడానికి ఇంకో మూడు నెలలు పట్టింది, కాబట్టి మీరూ వెంటనే అయిపోతుందని ఆశ పెట్టుకోకండి.

మీ బగ్‌కి వస్తే, నేను ముందు చూసేది రెండు. లాబీలో పడే ముందు మ్యాప్‌లో ఒకే చోట ఉంటున్నారా, ఏదైనా ఒకే పని చేస్తున్నారా (పడిపోయిన తోటివాళ్లని రివైవ్ చేయడం అంటే మళ్లీ లేపడం, బండి ఎక్కడం లాంటివి), ఇది మొదటిది. రెండోది, ఆ టైమ్‌లో ఫోన్‌కి కాల్ గానీ, నోటిఫికేషన్ గానీ, వైఫై నుంచి డేటాకి మారడం గానీ జరుగుతోందా. స్క్రీన్ మీద పింగ్ చూపించే ఆప్షన్ ఉంటే ఆన్ చేసి, ప్రతి మ్యాచ్ రికార్డ్ చేయండి. ఐదారు సార్లు జరిగాక వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఏదో ఒకటి కలుస్తుంది. కలవకపోతే అది కూడా సమాచారమే, మీ వైపు ఏదీ కారణం కాదని చెప్పడానికి పనికొస్తుంది.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. అవతలివాళ్లని లాబీలో పడేసే పద్ధతి ఏదైనా మీకు దొరికితే దాన్ని మ్యాచ్‌లలో వాడకండి, బయట చెప్పకండి, కంపెనీకి మాత్రమే పంపండి. అలాంటివి వాడుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కౌంటర్ స్ట్రైక్ అనే షూటింగ్ గేమ్‌లో, మ్యాచ్ చూస్తూ టీమ్‌కి సలహా ఇచ్చే కోచ్‌ల కెమెరా ఒక చోట ఇరుక్కుపోయి ప్రత్యర్థులు కనిపించే బగ్ ఒకటుండేది. పెద్ద టోర్నమెంట్ మ్యాచ్‌లలో కూడా కొందరు కోచ్‌లు నోరెత్తకుండా దాన్ని వాడుకున్నారు, చివరికి 2020 సెప్టెంబర్‌లో గేమ్ పోటీల్లో మోసాలని విచారించే ఎస్పోర్ట్స్ ఇంటెగ్రిటీ కమిషన్ 37 మంది కోచ్‌లని నిషేధించింది. బగ్ ఎక్కువ కాలం ఉంటే ఆట మీద నమ్మకమే పోతుంది, నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది అదే.

డెవలపర్లని వ్యక్తిగతంగా తిట్టడం కూడా వద్దు. మీ బగ్ సరిచేద్దామని లోపల పోట్లాడేవాడు కూడా వాళ్లలోనే ఒకడు, తిట్లు ముందు తగిలేది వాడికే. గట్టిగా, కలిసికట్టుగా అడగడం వేరు. టీమ్ ఫోర్ట్రెస్ 2 అనే గేమ్‌లో బాట్‌ల (మనుషుల బదులు ఆడి ఆట పాడుచేసే ప్రోగ్రామ్‌ల) బెడద మీద ఆడేవాళ్లంతా 2022 మేలో ఒక్కసారి గొంతు కలిపితే కంపెనీ నోరు విప్పింది, తర్వాత మళ్లీ అదే పరిస్థితి వస్తే 2024 జూన్‌లో మళ్లీ కలిశారు, ఈసారి బాట్‌ల ఖాతాలు పెద్ద ఎత్తున పోయాయి. రెండుసార్లు అడగాల్సి వచ్చింది, అయినా అడిగారు.

ఇక మానేయాలా అన్న ప్రశ్న. నా అభిప్రాయం, వెంటనే మానేయకండి, కానీ డబ్బు పెట్టడం ఈ రోజే ఆపండి, ఎందుకు ఆపారో టికెట్‌లో ఒక లైన్ రాయండి. ర్యాంక్ మ్యాచ్‌లు పక్కన పెట్టి మామూలు మ్యాచ్‌లు ఆడుతూ రికార్డింగ్‌లు పోగేయండి, పాయింట్ల టెన్షన్ లేకపోతే గమనించడం కూడా సులువు. రెండు నెలలు అలా చేసి, స్పష్టంగా పంపాక కూడా కాపీ పేస్ట్ జవాబే వస్తే అప్పుడు వదిలేయండి.

మా గేమ్‌లో అప్‌డేట్ వచ్చిన రోజు నోట్స్‌లో ఒకే ఒక్క లైన్ ఉంది, కొన్ని సందర్భాల్లో బహుమతులు అందని సమస్యను సరిచేశాం అని. పోయినవాటి గురించి మాట లేదు. ఆ లైన్ స్క్రీన్‌షాట్ తీసి విల్లు పోయినవాడికి పంపాను. "మంచిదిరా, ఇక మీకెవరికీ అలా కాదు" అని రాశాడు. తిరిగి మాత్రం రాలేదు. ఆ తర్వాత రెండు వారాలకి నేనే సపోర్ట్‌కి మళ్లీ రాశాను, అతని ఐడీ, ఆ వీడియో, ఆ తేదీ పెట్టి, విల్లు వాడి ఖాతాలో వేయమని. ఇప్పటికి నాలుగుసార్లు రాశాను, టికెట్ ఇంకా తెరిచే ఉంది.