జతకట్టకుండా ఆపితే బతుకుతుందా? పట్టు చిలకల గదిలో నేను చూసింది

అడిగిన ప్రశ్న: "జతకట్టగానే, లేదా గుడ్లు పెట్టగానే చచ్చిపోయే జీవులు నిజంగా ఉన్నాయా? ఎందుకలా? తేలు కూడా పిల్లల్ని కని చస్తుందంటారు, నిజమేనా?"

ఉన్నాయి. నా చిన్నప్పటి సెలవులు సగం వాటి మధ్యే గడిచాయి. మాది హిందూపురం దగ్గర పల్లె. మా అమ్మ పట్టుపురుగుల గుడ్లు తయారుచేసే ఒక ప్రైవేటు గ్రెయినేజ్‌కి కూలికి పోయేది. ఇంట్లో చూసుకునేవాళ్లు లేక నన్నూ వెంటబెట్టుకుపోయేది.

పట్టు అనగానే అందరికీ ధర్మవరం చీర గుర్తొస్తుంది. చీరకు పోయే గూళ్లలో పురుగుకు రెక్కలొచ్చేదాకా ఆగరు. అది గూటిని తొలుచుకుని బయటికొస్తే దారం ముక్కలైపోతుంది. అందుకే వేడిగాలికో ఆవిరికో లోపలే చంపేస్తారు. విత్తనానికి ఉంచిన గూళ్లలోని పురుగులకు మాత్రమే రెక్కలు చూసుకునే యోగం. ఆ రెక్కల పురుగుల్ని అమ్మావాళ్లు చిలకలనేవాళ్లు.

గూడు కొన బ్లేడుతో కోసి, లోపలి ప్యూపాను లైటు కింద తిప్పి, ఆడా మగా చూసి వేరే తట్టల్లో వేయడం అమ్మ పని. పొట్ట చివర ఆడదానికి ఇంటూ గుర్తులాంటి సన్నని గీతలు, మగదానికి ఒక చుక్క. అమ్మ పక్కామెతో ఊరి కబుర్లు చెప్పుకుంటూనే చకచకా వేరుచేసేది. నాకు పది ఇస్తే మూడు తప్పు. ఒక జాతి ఆడవాటితో ఇంకో జాతి మగవాటిని కలపాలి కాబట్టి ఇక్కడ తప్పు జరిగితే విత్తనమంతా కలగాపులగం.

చిలకలు తెల్లవారుజామున బయటికొస్తాయి. మగవి రెక్కలు టపటపలాడిస్తూ గుండ్రంగా తిరుగుతాయి గానీ ఎగరలేవు, వేల ఏళ్లు మనిషి చేతికింద బతికి ఆ శక్తి పోగొట్టుకున్న జాతి అది. ఆడది లావు పొట్టతో ఉన్నచోటే కూర్చుంటుంది. పొట్ట చివర పసుపు గ్రంథి ఒకటి బయటికి పెడుతుంది, ఆ వాసనకే మగవాటికి పిచ్చెక్కుతుంది. ఆ వాసన ఏ పదార్థమో జర్మనీకి చెందిన రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ బ్యూటెనాంట్ 1959లో తేల్చాడు. దానికోసం దాదాపు 5 లక్షల ఆడ చిలకల గ్రంథులు వాడారు. మాకు ఆ వాసన తెలిసేది కాదు. తెలిసేదల్లా రెక్కల నుంచి లేచే పొలుసుల దుమ్ము. అక్కడ మూతికి కట్టుకోవడానికి గుడ్డ ముక్క కూడా ఇచ్చేవాళ్లు కాదు, చీర కొంగే అడ్డం. అమ్మ దగ్గు అక్కడ మొదలైందే. ఇప్పుడెవరైనా ఆ పనికి వెళ్తుంటే ముందు మంచి మాస్కు కొనుక్కోండి.

జత కలిపాక మూడు నాలుగు గంటలు వదిలేస్తారు. తర్వాత చేత్తో మెల్లగా తిప్పి విడదీస్తారు. మగవాటిని ఫ్రిజ్‌లో పెట్టి మరునాడు ఇంకోసారి జతకు వాడి, ఆపైన పారేసేవాళ్లు. ఆడవాటిని కాగితం మీద ఒక్కొక్కటిగా ఉంచి, ఒక్కోదాని మీద నల్లటి గిన్నెలాంటిది బోర్లిస్తారు. చీకట్లో, రాత్రి గడిచేలోపు నాలుగైదు వందల గుడ్లు పెట్టేస్తుంది. పొద్దున ఎత్తి చూస్తే పొట్ట వాడిపోయిన చిలక, దాని చుట్టూ ఆవాల్లాంటి గుడ్లు.

మరి వీటికి తిండి? నేనడిగితే అక్కడి మేస్త్రీ నవ్వాడు. "నోరుంటే కదరా అబ్బాయ్ పెట్టేది!"

నిజమే. పట్టు చిలకకు తినడానికి పనికొచ్చే నోరుండదు. పురుగుగా ఉన్నప్పుడు, నాలుగు జ్వరాలు (మేత మాని కుబుసం విడిచే సమయాన్ని అలా అంటారు) దాటుకుంటూ పాతిక రోజులకు పైగా మల్బరీ ఆకు తిని దాచుకున్నదే మొత్తం ఆస్తి. అందులోంచే గూడు, రెక్కలు, గుడ్లు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు ఉంటాయేమో. జతకడితే చస్తాయి కదా, కట్టకుండా ఆపితే బతుకుతాయి కదా అని బుర్రలో పడింది. మగదాని పొడ సోకని ఆడ చిలకను ఒకదాన్ని అగ్గిపెట్టెలో దాచి ఇంటికి తెచ్చాను. రోజూ తెరిచి చూసేవాణ్ని. రెండు రోజులు కదల్లేదు. తర్వాత ఎవరూ అడగకుండానే కొన్ని గుడ్లు పెట్టింది. అవి పచ్చగానే ఉండి, గుంటలు పడి, ఎండిపోయాయి. గ్రెయినేజ్‌లో దాని తోటివి పోయాక ఇంకో రెండు మూడు రోజులు ఉందనుకుంటా, అంతే. పదోరోజున అగ్గిపెట్టె తెరిస్తే చీమలు.

అమ్మకు చూపించి ఏడ్చాను. "తెచ్చుకున్న బత్యం అయిపోయింది నాయనా, ఎవరు మాత్రం ఏం చేస్తారు?" అంది. మీ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు అక్కడే ఉంది. పట్టు చిలకను చంపేది జతకట్టడం కాదు. జతకట్టినా మానినా అది పోయేదే, జతకడితే కాస్త తొందరగా పోతుంది.

ఇంటర్ అయ్యాక రెండేళ్లు అలాంటి చోటే మైక్రోస్కోపు దగ్గర పనిచేశాను. గుడ్లు పెట్టిన తల్లి చిలకను చిన్న రోట్లో మందునీళ్లతో నూరి, ఆ చుక్కను గాజుపలక మీద వేసి చూడాలి. మెరిసే కోడిగుడ్డు ఆకారపు బీజాలు కనిపిస్తే దానికి పెబ్రిన్ జబ్బు ఉన్నట్టు, ఆ గుడ్లు కాల్చేయాలి. ఈ జబ్బు తల్లి నుంచి గుడ్డులోకి దిగుతుంది. 1865లో ఫ్రాన్సులోని అలెస్ ప్రాంతంలో పట్టు రైతులు దివాలా తీస్తుంటే లూయీ పాశ్చర్ వెళ్లి, అయిదేళ్లు కూర్చుని గట్టిపరిచిన పద్ధతి ఇది. రైతు చేతికొచ్చే జబ్బులేని గుడ్ల వెనక ఇప్పటికీ ఉన్నది ఆ పరీక్షే. చచ్చిపోయాక కూడా ఆ తల్లికి పని తప్పదని మాలో మేం జోకులేసుకునేవాళ్లం.

ఆ అగ్గిపెట్టె పరీక్ష మాత్రం నా బుర్రలోంచి పోలేదు. ఇలాంటి జీవి ఏది కనబడినా నేను అడిగేది అదే: ఆపితే బతుకుతుందా?

పసిఫిక్ సముద్రపు సాల్మన్ చేపల సంగతి చూడండి. కెనడాలోని ఫ్రేజర్ నదిలోకి సాకై సాల్మన్లు సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వస్తాయి. మంచినీళ్లలోకి అడుగుపెట్టాక మేత మానేస్తాయి, గుడ్లు పెట్టి కొద్ది రోజుల్లో పోతాయి. అప్పటికే వాటి ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను విపరీతంగా పెరిగి ఒళ్లు పుళ్లుపడుతుంది. బాగా అలిసిపోయి చచ్చాయిలే అనుకుంటాం. కానీ సముద్రానికి పోని కొకనీ అనే రకానికి బీజకోశాలు (గుడ్లు, వీర్యం తయారయ్యే అవయవాలు) ఎదగకముందే తీసేసి చూశారు, అవి తోటివాటికన్నా ఏళ్ల తరబడి ఎక్కువ బతికాయి. అంటే ఇది బత్యం అయిపోయి వచ్చిన చావు కాదు, లోపల మోగిన గంట. అట్లాంటిక్ సాల్మన్లలోనైతే గుడ్లు పెట్టి మళ్లీ సముద్రానికి పోయేవి కొన్ని ఉంటాయి.

ఆస్ట్రేలియాలో యాంటెకైనస్ అని చుంచెలుకంత జంతువుంది. జాతికి కంగారూ చుట్టం. ఏడాదికి ఒక్కటే జతకట్టే కాలం, రెండు మూడు వారాలు. మగది తిండీ నిద్రా తగ్గించుకుని ఒక్కోసారి 12 గంటలకు పైగా జతలోనే ఉంటుంది. ఒత్తిడి హార్మోన్లకు అడ్డూ అదుపూ లేక కడుపులో పుండ్లు, రోగాలు, చివరికి ఏడాది నిండకుండానే మగజాతి మొత్తం ఖాళీ. దీన్ని కూడా ఆపితే బతుకుతుంది, వృషణాలు తీసేసిన మగవి ఆ గండం దాటాయి.

అన్నిటికన్నా నాకు ఒళ్లు జలదరించింది ఆక్టోపస్ విషయంలో. తల్లి గుడ్లకు కాపలా కూర్చుని తిండి మానేస్తుంది, పిల్లలు బయటికొచ్చేసరికి పోతుంది. 1977లో జెరోమ్ వొడిన్‌స్కీ అనే ఆయన కళ్ల దగ్గరుండే ఒక జత గ్రంథుల్ని తీసేస్తే, ఆ తల్లి గుడ్లను వదిలేసి మళ్లీ తిండికి ఎగబడింది, ఎక్కువకాలం బతికింది. నేనైతే ఆ తల్లిని ఏమని అనుకోవాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. అమెరికా పడమటి తీరంలో, మాంటెరే దగ్గర సముద్రం లోతుల్లో ఒక తల్లి ఆక్టోపస్ 53 నెలలు గుడ్ల మీదే ఉండటం శాస్త్రవేత్తలు చూశారు.

పోతుటీగది, అంటే మగ తేనెటీగది, వేరే కథ. ఆకాశంలో రాణితో కలిసిన క్షణంలోనే దాని అంగం తెగిపోయి కింద పడి చస్తుంది. కలవనిది మాత్రం ఇంకొన్ని వారాలు తింటూ తిరుగుతుంది.

తొలకరికి దీపాల దగ్గర పొద్దున కుప్పలుగా కనిపించే ఉసిళ్లు కూడా ఈ జాబితాలోవే అనుకుంటారు చాలామంది. కాదు. ఎక్కువ వాటిని బల్లులూ కప్పలూ కాకులే తినేస్తాయి. తప్పించుకున్న జంట రెక్కలు రాల్చి నేలలోకి దూరి కొత్త పుట్ట మొదలెడుతుంది, ఆ రాణి ఏళ్లకేళ్లు గుడ్లు పెడుతుంది.

ఇక తేలు. పిల్లలు తల్లి పొట్ట చీల్చుకుని వస్తాయని మా జేజి కూడా చెప్పేది. అది అబద్ధం. తేలు పిల్లల్ని మామూలుగానే కంటుంది, అవి వీపుమీదికెక్కి మొదటి కుబుసం విడిచేదాకా అక్కడే ఉంటాయి. ఆ పిల్లల్ని మోస్తున్న తల్లిని చూసి, పొట్ట పగిలి పిల్లలు బయటికొచ్చాయని ఎవరో అనుకుని ఉంటారు. మా కట్టెల కుప్ప కింద ఒకసారి అలాంటిది కనబడింది, తెల్లటి పిల్లలు వీపంతా. జేజిని పిలిచి చూపించాను. "ఇంకా చావలేదా ఇది?" అని చెప్పు తీసింది.