నీలి హెల్మెట్లు గేటు దాటి వస్తేనే

ప్రశ్న: నీలి హెల్మెట్లు పెట్టుకునే ఐక్యరాజ్యసమితి శాంతి సేనల వల్ల హింస నిజంగా తగ్గుతుందా? రువాండాలో, బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో జనాన్ని చంపుతుంటే చూస్తూ ఊరుకున్నారు కదా! వాళ్ల మీద పెట్టే డబ్బు దండగ కాదా?

జవాబు: ఆ రెండు చోట్లా జరిగినదాన్ని నేను వెనకేసుకురాను. 1994లో రువాండాలో ఊచకోత మొదలయ్యేనాటికి అక్కడ దాదాపు 2,500 మంది శాంతి సైనికులున్నారు. పదిమంది బెల్జియం సైనికులు చనిపోగానే ఆ దేశం తన దళాన్ని వెనక్కి పిలిపించుకుంది. అక్కడి శాంతి సేన కమాండర్ డలైర్ ఇంకా మనుషుల్ని పంపమని మొత్తుకుంటుంటే, భద్రతా మండలి ఉన్నవాళ్లనే 270కి కుదించమని తీర్మానించింది.

ఆరేళ్ల తర్వాత సియెర్రా లియోన్‌లోనూ అలాంటి పరిస్థితే వచ్చింది. 2000 మే నెలలో తిరుగుబాటుదారులు సుమారు 500 మంది శాంతి సైనికుల్ని పట్టుకున్నారు. కైలాహున్‌లో ముట్టడిలో చిక్కుకున్న భారత శాంతి సైనికులు జులైలో పోరాడి బయటపడాల్సి వచ్చింది. ఈసారి మాత్రం మండలి తగ్గలేదు, సైనికుల పరిమితిని 17,500కి పెంచింది. బ్రిటన్ సైన్యం కూడా విడిగా దిగింది. మొత్తమ్మీద 75,000 మందికి పైగా పోరాటం వదిలేశారు. 2005 చివర్లో సేన పని ముగించుకుని వెళ్లిపోయింది.

సాయుధ సైనికులు, పోలీసులు పెరిగిన చోట సామాన్యుల హత్యలు తగ్గుతాయని పరిశోధకుల లెక్కలూ చెబుతున్నాయి. ఆయుధాల్లేని పరిశీలకుల వల్ల మాత్రం ఆ ఫలితం కనిపించలేదు.

అయితే సంఖ్య ఒక్కటే చాలదు. నేను దక్షిణ సూడాన్ మిషన్‌లో పనిచేశాను. 2013 డిసెంబరులో అంతర్యుద్ధం మొదలవగానే ప్రాణభయంతో వచ్చిన వేలమందికి అక్కడి బేసుల గేట్లు తెరిచారు. ఆ నిర్ణయం ఎందరినో బతికించింది. కానీ వంట చేసుకోవాలంటే కట్టెలు కావాలి, కట్టెలు కంచె బయట ఉంటాయి. ఆడవాళ్ల మీద దాడులు ఎక్కువగా జరిగేది ఆ దారిలోనే. మేం వాళ్లతో పాటు పెట్రోలింగ్‌కి వెళ్లేవాళ్లం. రోజూ ఒకే టైముకి వెళ్తే పొంచి ఉన్నవాడు మేం తిరిగొచ్చేదాకా ఆగుతాడు. అందుకే వేళలు మార్చేవాళ్లం. ఏ దారి మంచిది కాదో చెప్పేదీ ఆ ఆడవాళ్లే, అదీ మా జట్టులో మహిళలు ఉంటేనే నోరు విప్పేవారు. ఆఫీసులో మ్యాప్ ముందు కూర్చుంటే ఈ సంగతులేవీ తెలియవు.

ఇక ఆతిథ్య దేశం మనసు మారితే ఎంత బలగమున్నా చేసేదేమీ లేదు. చెక్‌పోస్టు దగ్గర బండి ఆపేస్తే మా పెట్రోలింగ్ అక్కడితో సరి. 2023లో మాలి ప్రభుత్వం పొమ్మంటే ఆ ఏడాది చివరికల్లా మిషన్ మొత్తం మూటాముల్లె సర్దుకుంది. తగాదా తెంచడమూ సేన పని కాదు. సైప్రస్‌లో 1964 నుంచీ కాపలా కాస్తూనే ఉన్నారు. అక్కడ తుపాకులు చాలావరకు మౌనంగానే ఉన్నాయి, పరిష్కారం మాత్రం రాలేదు.

దండగ అన్నారు కాబట్టి చెబుతున్నాను: 2024-25లో శాంతి సేనల బడ్జెట్ సుమారు 560 కోట్ల డాలర్లు. ప్రపంచ దేశాల సైనిక ఖర్చులో అది అర శాతం కూడా కాదు. నా కోపమల్లా ఆ కాస్తా టైముకి కట్టని దేశాల మీద. నిధులు చాలక తొమ్మిది మిషన్లలో దాదాపు పావు వంతు బలగాన్ని తగ్గిస్తామని 2025 అక్టోబరులో సమితి అధికారులే చెప్పారు.