కాలువగట్టు రోడ్డుపై సైకిలును కారు గుద్దితే: హారన్ కొట్టినా తప్పుకోకపోవడం తప్పవుతుందా?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో కాలువగట్టు మీద ఉన్న పల్లె. మా నాన్నగారికి 57 ఏళ్లు. మా గేదెల పాలతో పాటు ఇరుగుపొరుగు వారి పాలు కూడా సైకిలు మీద పక్క ఊరి పాలకేంద్రానికి తీసుకువెళ్లి పోస్తుంటారు. గత డిసెంబరులో తెల్లవారుజామున, మంచు పట్టి ఉండగా, వెనుక నుంచి వచ్చిన కారు గుద్దడంతో ఆయన ఎడమ కాలి ఎముక విరిగి రాడ్ వేశారు. ఆ చోట రోడ్డుకు ఎడమ పక్కన ఎవరో బరకాల మీద ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పేర్చారు. అందుకని నాన్నగారు రోడ్డు మధ్యకు జరిగి తొక్కుతున్నారు. హారన్ కొట్టినా తప్పుకోలేదనీ, సైకిలుకు లైటు లేదనీ, తప్పంతా ఆయనదేననీ కారు యజమాని వాదిస్తున్నారు. స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి ఏడు వారాలైనా ఎఫ్.ఐ.ఆర్. కట్టలేదు. 40,000 రూపాయలు ఇప్పిస్తామనీ, ఇక ఏ కేసూ లేదని స్టాంపు కాగితం మీద రాసివ్వమనీ పెద్దమనుషులు అంటున్నారు. సైకిలుకు లైసెన్సు, ఇన్సూరెన్సు లేవు కనుక మాకు క్లెయిము రాదని కూడా ఒకరు చెప్పారు. ఏం చేయమంటారు?

జవాబు: మొట్టమొదట, ఆ స్టాంపు కాగితం మీద మీ నాన్నగారి చేత సంతకం చేయించకండి. కారణాలు వరుసగా చెబుతాను.

చివరి అభ్యంతరం తేలికైనది కనుక దానితో మొదలుపెడదాం. మోటారు వాహనాల చట్టం, 1988 లోని 2(28) సెక్షను ప్రకారం మోటారు వాహనం అంటే యంత్రశక్తితో నడిచేది. కాలితో తొక్కే సైకిలు ఆ నిర్వచనంలోకి రాదు కనుక దానికి రిజిస్ట్రేషను గానీ, లైసెన్సు గానీ, బీమా గానీ చట్టం అడగదు. 146వ సెక్షను కింద బీమా తప్పనిసరిగా ఉండవలసింది కారుకు. ఆ బీమా ఉన్నదే రోడ్డు మీద ఉన్న మూడో వ్యక్తి కోసం, అంటే ఈ సందర్భంలో మీ నాన్నగారి కోసం. కనుక నష్టపరిహారం అడిగే హక్కు ఆయనకు పూర్తిగా ఉంది.

ఇక అసలు విషయం హారన్. మన పల్లె రోడ్ల మీద హారన్ కొట్టగానే సైకిలు మార్జిన్‌లోకి దిగిపోవాలనీ, దిగకపోతే ఆపై జరిగేది వాడి ఖర్మేననీ ఒక నమ్మకం పాతుకుపోయింది. కోర్టులో మోటారు వాహనం తరపున చాలాసార్లు ఇదే మాట వినిపిస్తుంది, అదీ ఎంతో ధీమాగా. చట్టంలో దీనికి ఆధారం లేదు. హారన్ హెచ్చరిక మాత్రమే, దానివల్ల ముందున్న మనిషి మీదుగా వెళ్లే హక్కు రాదు. ముందు వెళుతున్న వ్యక్తికి వినపడిందో లేదో, వినపడినా పక్కకు దిగే చోటు ఉందో లేదో చూసుకోవలసిన బాధ్యత వెనుక వచ్చే డ్రైవరుదే. చోటు లేకపోతే వేగం తగ్గించి ఆగవలసిందీ ఆయనే. హారన్ కొట్టానని చెప్పడమంటే సైకిలును ముందే చూశానని ఒప్పుకోవడం కూడానని గమనించండి. చూసినవాడికి బ్రేకు వేసే వ్యవధి ఎందుకు లేకపోయిందన్న ప్రశ్నకు ఆయనే జవాబు చెప్పాలి. పైగా చూశానన్న వ్యక్తే లైటు లేక కనపడలేదని వాదిస్తే ఆ రెండు మాటలూ ఒకదానితో ఒకటి పొసగవు. మీ న్యాయవాది క్రాస్ ఎగ్జామినేషనులో ముందుగా పట్టుకోవలసినది ఇక్కడే.

1989 నాటి రోడ్డు నియమాల స్థానంలో వచ్చిన మోటారు వాహనాల (డ్రైవింగ్) నిబంధనలు, 2017 ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. పాదచారులు, సైకిలు తొక్కేవారు, పిల్లలు, వృద్ధులు, వికలాంగుల వంటి, ప్రమాదానికి ఎక్కువగా లోనయ్యే వారి భద్రత విషయంలో డ్రైవరు ప్రత్యేక శ్రద్ధ తీసుకోవాలని అవి చెబుతాయి. సైకిలును దాటేటప్పుడు ఎంత ఎడం వదలాలో కొన్ని దేశాలు అంకెల్లో చెప్పాయి. జర్మనీలో ఊళ్లలో మీటరున్నర, ఊరి బయట రెండు మీటర్లు. మన నిబంధనల్లో అటువంటి కొలత లేకపోవడం నా దృష్టిలో లోపమే, ఎందుకంటే కొలత లేనప్పుడు తగినంత దూరం అంటే ఎంతో ప్రతి కేసులోనూ కొత్తగా వాదించవలసి వస్తుంది. అయినా మీ కేసుకు ఈ లోపం అడ్డు కాదు. ఒక పక్క కాలువ, మరో పక్క ధాన్యపు రాశి ఉన్న ఒంటివరుస రోడ్డులో దాటడానికి చోటే లేనప్పుడు, ఎంత ఎడం వదిలారన్న ప్రశ్న కన్నా ఎందుకు ఆగలేదన్న ప్రశ్నే ముందు వస్తుంది. మంచు కూడా డ్రైవరును కాపాడదు. కనపడినంత మేరలో ఆపగలిగే వేగంతో నడపడమే జాగ్రత్త అనిపించుకుంటుంది.

సైకిలుకు లైటు లేదన్న వాదనను మాత్రం తేలికగా తీసుకోవద్దు. ఒకప్పుడు డైనమో దీపం లేని సైకిలును పోలీసులు ఆపితే గాలి తీసి నడిపించిన సంగతి పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు ఆ పట్టింపు పోయింది గానీ, చీకట్లో ఎదుటివారికి కనపడేలా ఉండటం తొక్కేవారు తీసుకోవలసిన జాగ్రత్తల్లో ఒకటనే కోర్టులు చూస్తాయి. ఆ జాగ్రత్త తీసుకోక ప్రమాదానికి తానూ కొంత కారణం కావడాన్ని సహ నిర్లక్ష్యం అంటారు. అది రుజువైతే పరిహారం పూర్తిగా పోదు, మీ నాన్నగారి తప్పు ఎంత శాతమని, ఇటువంటి పరిహారం కేసులు విచారించే ట్రిబ్యునల్ నిర్ణయిస్తుందో అంత మేరకు తగ్గుతుంది. అయితే ఏదో ఒక నియమం పాటించలేదని చూపినంత మాత్రాన సహ నిర్లక్ష్యం రుజువు కాదు. ఆ లోపమే ప్రమాదానికి కారణమైందని లేదా గాయాన్ని పెంచిందని చూపాలి. మోటారు సైకిలు మీద ముగ్గురు వెళుతుండగా జరిగిన ప్రమాదంలో, 2020లో మహమ్మద్ సిద్దిక్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే చెప్పింది. ముగ్గురు ఎక్కడం చట్టవిరుద్ధమే అయినా, దానికీ ప్రమాదానికీ సంబంధం చూపనిదే పరిహారం కోయడానికి వీల్లేదని అందులో స్పష్టం చేసింది.

అందుకే సైకిలును ఇప్పుడే బాగు చేయించకండి. వెనుక చక్రం రిమ్ము ఎటు వంగింది, వెనుక మడ్‌గార్డు మీది ఎర్ర రిఫ్లెక్టరు మిగిలిందా పగిలిందా, క్యారియరుకు రెండు పక్కలా తగిలించిన పాలక్యాన్లలో దేనికి సొట్ట పడింది అన్నవి దగ్గర నుంచి ఫొటోలు తీయించండి. దీపం లేకపోయినా హెడ్‌లైటు వెలుగులో మెరిసే రిఫ్లెక్టరు, తళతళలాడే రెండు క్యాన్లు ఉన్నాయంటే కనపడలేదన్న వాదనలో బలం చాలా వరకు తగ్గుతుంది. కారును మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టరు తనిఖీ చేసిన నివేదిక వచ్చాక దెబ్బ ఎక్కడ తగిలిందో రెండింటినీ పోల్చి చూపవచ్చు.

రోడ్డు మధ్యలో తొక్కడం గురించి. మామూలుగా సైకిలు ఎడమ అంచున వెళ్లాలన్నది నిజమే. ఆ అంచున ధాన్యం, రాళ్లు ఉన్నప్పుడు వాటిని తప్పించుకుని తొక్కడం నిర్లక్ష్యం కిందికి రాదు. ఇక్కడ ధాన్యం పోసినవారి పాత్ర కూడా ఉంది. సార్వా కోతల కాలంలో కళ్లాలు చాలక రైతు రోడ్డు మీద ఆరబోయడం వెనుక ఇబ్బంది ఏమిటో నాకు తెలుసు, ఆ రైతు మీద కేసు పెట్టమని నేను సలహా ఇవ్వను. అయినా రాకపోకలకు అడ్డంకి కల్పించడం భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 285వ సెక్షను కింద 5,000 రూపాయల వరకు జరిమానా పడే నేరమే. రేపు బీమా కంపెనీ ప్రమాదానికి సగం కారణం ధాన్యం పోసినవారేనని వాదించవచ్చు. ఆ వాదనకు భయపడనక్కరలేదు. ఇద్దరు వేరే వ్యక్తుల నిర్లక్ష్యం కలిసి మూడోవారికి హాని చేస్తే, బాధితుడు మొత్తం పరిహారాన్ని వారిలో ఎవరి నుంచైనా రాబట్టుకోవచ్చని 2015లో ఖెన్యేయి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. వాటాల సంగతి వారిద్దరూ తర్వాత చూసుకోవాలి.

ఇప్పుడు పోలీసుల విషయం. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయం. నిర్లక్ష్యంగా తీవ్ర గాయం చేసినందుకు న్యాయ సంహిత 125(బి) కింద 3 ఏళ్ల వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ ఉండవచ్చు. నిర్లక్ష్యంగా నడపడం 281వ సెక్షను కింద వేరే నేరం. (ఈ సెక్షను వాహనం నడిపే ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది కనుక, అడ్డదిడ్డంగా తొక్కి పాదచారిని గుద్దిన సైకిలిస్టుకు కూడా మినహాయింపు లేదు.) భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షను కింద, కొన్ని నేరాల్లో ఎఫ్.ఐ.ఆర్. కు ముందు ప్రాథమిక విచారణకు అవకాశం ఉన్నా దానికి గడువు 14 రోజులే. మీ విషయంలో ఏడు వారాలు గడిచాయి. ఫిర్యాదు ప్రతిని జతచేసి జిల్లా ఎస్పీకి రిజిస్టరు పోస్టులో పంపండి. అప్పటికీ కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు చేయవచ్చు. ఎఫ్.ఐ.ఆర్. ఆలస్యమైనంత మాత్రాన క్లెయిము పోదు. ఆసుపత్రిలో చేర్చిన రోజున ప్రమాదం ఎలా జరిగిందని రాయించారో ఆ మెడికో లీగల్ రికార్డు ప్రతిని మాత్రం వెంటనే తీసుకోండి.

నష్టపరిహారానికి మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను కింద మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయాలి. మీరు నివసించే ప్రాంతంపై అధికారం ఉన్న ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చు. 2019 సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు వేయాలి. ఆ గడువు చెల్లుబాటును సుప్రీంకోర్టులో సవాలు చేశారు గానీ, దాని మీద ఆశ పెట్టుకుని ఆ ఆరు నెలలు దాటనివ్వకండి. క్రిమినల్ కేసులో లాగా ఇక్కడ అనుమానానికి తావు లేని రుజువు అక్కరలేదు, ఏది ఎక్కువ సంభావ్యమో చూసి ట్రిబ్యునల్ తీర్పు ఇస్తుంది.

తప్పు ఎవరిదన్న వాదనే లేకుండా తీవ్ర గాయానికి 2,50,000 రూపాయలు ఇచ్చే 164వ సెక్షను మరొకటి ఉంది. వినడానికి బాగుంటుంది గానీ, బీమా కంపెనీ 149వ సెక్షను ప్రకారం ఆ మొత్తాన్ని ఇవ్వజూపగా మీరు పుచ్చుకుంటే ట్రిబ్యునల్‌లోని క్లెయిము అంతటితో రద్దవుతుంది. అందుకని ముందు లెక్క చూసుకోవాలి. ఉదాహరణకు మీ నాన్నగారి ఆదాయం నెలకు 15,000 రూపాయలనుకుందాం. స్వయం ఉపాధిలో ఉన్న 50 నుంచి 60 ఏళ్ల వారికి భవిష్యత్తు పెరుగుదల కింద 10 శాతం కలుపుతారు. అప్పుడు ఏడాదికి 1,98,000 అవుతుంది. గాయం వల్ల సంపాదించే శక్తి 30 శాతం తగ్గిందని తేలితే ఏటా నష్టం 59,400. ఆయన వయసుకు గుణకం (ఏటా నష్టాన్ని ఎన్నిరెట్లు చేయాలో వయసును బట్టి చెప్పే అంకె) 9 కనుక 5,34,600 రూపాయలు. ఆసుపత్రి ఖర్చులు, మంచాన ఉన్న కాలపు ఆదాయం, బాధకు ఇచ్చే మొత్తం దీనికి అదనం. ఇక్కడ డాక్టరు రాసే వైకల్య శాతం ఒక్కటే ప్రమాణం కాదు. ఆ వైకల్యంతో ఆయన తన పని ఎంతవరకు చేయగలరన్నదే ప్రధానమని 2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నిండు క్యాన్లతో సైకిలు తొక్కే మనిషికి కాలి గాయం ఏమిటో, బల్ల దగ్గర కూర్చుని పనిచేసేవారికి ఏమిటో వేరువేరుగా చూడాలి. ఆదాయానికి రుజువుగా పాలకేంద్రం వారి పుస్తకం తీసి ఉంచండి. పూట పూటకూ లీటర్లు, వెన్న శాతం, చెల్లించిన సొమ్ము రాసి ఉండే ఆ పుస్తకం, ఆదాయపు పన్ను కాగితాలు లేని ఇంట్లో దొరికే మంచి సాక్ష్యం.

పెద్దమనుషుల మాటను తోసిపుచ్చి ఊళ్లో వైరం తెచ్చుకోమని నా ఉద్దేశం కాదు. కేసు ఆపడానికి ప్రతిఫలంగా డబ్బు ఇచ్చే ఒప్పందం కాంట్రాక్టు చట్టం 23వ సెక్షను కింద చెల్లదు. 125(బి) నేరాన్ని కోర్టు అనుమతితో రాజీ చేసుకోవచ్చు గానీ 281 రాజీకి వీలున్న నేరం కాదు. ఇంత తెలిసీ ఆ కాగితం రాసిస్తే, క్లెయిము పూర్తిగా తీరిపోయిందని బీమా కంపెనీ రేపు ట్రిబ్యునల్ ముందు దానినే చూపుతుంది. కారు యజమాని మనస్ఫూర్తిగా వైద్యం ఖర్చులకు ఇస్తానంటే పుచ్చుకోండి. రసీదులో మాత్రం ‘వైద్య ఖర్చుల నిమిత్తం, క్లెయిము హక్కులకు భంగం లేకుండా’ అని రాయండి. ఆ మొత్తాన్ని తర్వాత పరిహారంలో సర్దుబాటు చేస్తారు.

న్యాయవాది ఫీజు భారమైతే మండల న్యాయసేవల కమిటీని గానీ, 15100 నంబరును గానీ సంప్రదించండి. క్లెయిము వేశాక లోక్ అదాలత్‌లో రాజీకి కూర్చోవడం మంచి దారే, కాలం కలిసివస్తుంది. కానీ అక్కడి అవార్డు (రాజీ తీర్పు) మీద అప్పీలు లేదు. కాలిలోని రాడ్ తీయించే ఆపరేషనుకు ఎంత అవుతుందో మీ డాక్టరు చేత ముందే రాయించుకుని, ఆ ఖర్చు బీమా కంపెనీ చెప్పే అంకెలో కలిసిందో లేదో చూశాకే సంతకం చేయించండి.